విశాఖ ఇండోర్ స్టేడియంలో పెద్ద టోర్నీ: ముందుగా కొలవవలసినవి

చిరంజీవికి ఆశీస్సులు.

బాబూ, జిల్లా బ్యాడ్మింటన్ సంఘం కార్యదర్శిగా బాధ్యత తీసుకున్న వెంటనే మన విశాఖలో అంతర్జాతీయ టోర్నీ జరిపించాలన్న ఆలోచన నీకు రావడం నాకెంతో సంతోషం కలిగించింది. అయితే మన పోర్ట్ ఇండోర్ స్టేడియం అందుకు సరిపోతుందా అని అడుగుతూ నువ్వు రాసిన ఉత్తరమంతా ఎన్ని వేలమంది కూర్చోగలరన్న లెక్క చుట్టూనే తిరిగింది. అంపైరుగానూ నిర్వాహకుడిగానూ చాలాకాలం ఈ ఆటనే అంటిపెట్టుకుని ఉన్నవాడిగా చెబుతున్నాను, కుర్చీల లెక్క అన్నిటికన్నా చివర చూసుకోవలసినది.

స్పెయిన్‌లో ఉయెల్వా అనే ఊరు ఉంది. జనాభాలో అది మన విజయనగరం కన్నా చిన్నది. 2021 డిసెంబరులో ప్రపంచ చాంపియన్‌షిప్ ఆ ఊళ్లోనే, స్పెయిన్ బ్యాడ్మింటన్ తార కరోలినా మారిన్ పేరు పెట్టిన ఇండోర్ స్టేడియంలో జరిగింది. అందులో పట్టేది సుమారు ఐదు వేల మందే. గుంటూరు జిల్లా బిడ్డ కిదాంబి శ్రీకాంత్ సెమీఫైనల్లో లక్ష్య సేన్‌ను ఓడించి, ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ చేరిన తొలి భారతీయ పురుష క్రీడాకారుడైనది అక్కడే. ఐదు వేల సీట్లతో ప్రపంచ పోటీ జరిగినప్పుడు, సీట్లు చాలవన్న భయంతో మనం వెనకడుగు వేయవలసిన పని లేదు. వెనకడుగు వేయవలసి వస్తే అందుకు కారణాలు వేరే ఉంటాయి. అవి నేల మీద, పైకప్పు కింద, ప్రేక్షకులకు కనిపించని గదుల్లో ఉంటాయి.

మొదట నేల సంగతి చూడు. బ్యాడ్మింటన్ కోర్టు పొడవు 13.4 మీటర్లు, వెడల్పు 6.1 మీటర్లు. హ్యాండ్‌బాల్ ఆడే 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు నేల దొరికిందనుకో. నాలుగు కోర్టులు పక్కపక్కన పరిస్తే వాటికే 24.4 మీటర్లు పోగా, మిగిలిన దాన్ని రెండు చివరలతో కలిపి ఐదు చోట్ల పంచితే కోర్టుకూ కోర్టుకూ మధ్య మూడు మీటర్ల పైచిలుకు వస్తుంది. ఆ మూడు మీటర్లలోనే ఒక కోర్టు అంపైరు, పక్క కోర్టు సర్వీస్ జడ్జి కూర్చోవాలి. కోర్టు పొడవు వైపు చూస్తే బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) వెనక ఒక్కో పక్క 3.3 మీటర్లే మిగులుతుంది. లైన్ జడ్జిలు, కోచ్‌ల కుర్చీలు, ప్రకటనల బోర్డులు అన్నీ అందులోనే ఇమడాలి. ఆటగాడు వెనక్కి దూకి స్మాష్ కొట్టి నిలదొక్కుకునే చోటు కూడా అదే. కాగితం మీద సరిపోయినట్టే కనిపిస్తుంది కానీ, ఆడేవాడి మడమ బోర్డుకు తగిలిన రోజున అది సరిపోలేదని తెలుస్తుంది.

అందువల్ల మూడు కోర్టులతో సర్దుకుందామని నీకు అనిపించవచ్చు. అప్పుడు రోజుల లెక్క మారుతుంది. ఐదు విభాగాల్లోనూ (పురుషుల, మహిళల సింగిల్స్, డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్) 32 మంది లేదా జంటల చొప్పున డ్రా వేస్తే తొలి రౌండుకే 80 మ్యాచ్‌లు. మ్యాచ్‌కు సగటున 45 నిమిషాలు వేసుకుంటే, నాలుగు కోర్టుల మీద ఆ రౌండు 15 గంటల్లో ముగుస్తుంది, మూడింటి మీద 20 గంటలు దాటుతుంది. క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు అదనం. రాత్రి పదిన్నరకు ఆట ముగించిన అమ్మాయిని మర్నాడు ఉదయమే మళ్లీ కోర్టులోకి పిలవడం న్యాయం కాదు. కాబట్టి నేల కొలత తేలాకే డ్రా పరిమాణం, టోర్నీ స్థాయి నిర్ణయించుకో.

తర్వాత ఎత్తు. పెద్ద అంతర్జాతీయ పోటీలకు కోర్టు పైన 12 మీటర్ల ఖాళీ కోరతారు. 9 మీటర్ల లోపైతే ఎత్తుగా లేపిన షటిల్‌కు పైన ఏదో ఒకటి అడ్డు తగిలే ప్రమాదం ఉంటుంది. కొలిచేటప్పుడు పైకప్పు దాకా కొలవకు. ఏసీ డక్టులు, లైట్ల చట్రాలు, వేలాడే స్కోరుబోర్డు, వీటిలో అన్నిటికన్నా కిందికి ఉన్నదాని అడుగు దాకా కొలువు. మన పోర్ట్ ఇండోర్ స్టేడియంలో 2014లో ప్రో కబడ్డీ తొలి సీజన్ మ్యాచ్‌లు జరిగాయి, 2025 ఆగస్టులో పన్నెండో సీజన్ విశాఖలోనే మొదలైంది. ఆ అనుభవం మనకు బలమే, టీవీ బండ్లు ఎక్కడ నిలపాలో, కేబుళ్లు ఎటునుంచి లాగాలో ఈ ఊరికి తెలుసు. కానీ కబడ్డీకి కావలసింది 13 మీటర్లు, 10 మీటర్ల మ్యాట్ ఒక్కటే, ఎత్తుతో దానికి పెద్దగా పని లేదు. కబడ్డీకి సరిపోయింది గనుక బ్యాడ్మింటన్‌కూ సరిపోతుందని దరఖాస్తులో రాయవద్దు.

అన్నిటికన్నా జాగ్రత్త పడవలసింది గాలి విషయంలో. షటిల్ బరువు ఐదు గ్రాముల చుట్టుపక్కలే ఉంటుంది, పదహారు ఈకలున్న ఆ చిన్న వస్తువును ఏసీ నుంచి వచ్చే సన్నని గాలి కూడా పక్కకు లాగుతుంది. ఒక సాయంత్రం హాలు తాళాలు తీసుకుని వెళ్లు. కోర్టులు పరిచే చోట నాలుగు మూలలా అగరుబత్తులు వెలిగించి, ఏసీ ఆపి ఒకసారి, పూర్తిగా వేసి ఒకసారి, తలుపులు తెరిచి ఒకసారి, పొగ ఎటు వాలుతుందో కాగితం మీద గీసుకో. తర్వాత అనుభవమున్న ఆటగాణ్ని బేస్‌లైన్ మీద నిలబెట్టి కింది నుంచి పూర్తి బలంతో షటిల్ కొట్టించు. సరైన వేగమున్న షటిల్ అవతలి బేస్‌లైన్‌కు 53 నుంచి 99 సెంటీమీటర్ల ఇవతల పడాలి. రెండు వైపుల నుంచీ కొట్టించినప్పుడు పడే చోట్లలో తేడా ఎక్కువగా ఉంటే హాలులో గాలి ఒకవైపు నడుస్తోందని అర్థం. సముద్రపు ఉక్కపోతలో ఏసీ ఆపేసి ఆడించలేం, కాబట్టి గాలిని కోర్టు మీదికి కాకుండా గోడల వెంట మళ్లించేలా ఇంజనీరుతో ముందే మాట్లాడుకోవాలి. ఈ పని టోర్నీకి వారం ముందు జరిగేది కాదు, నెలలు పడుతుంది.

లైట్ల గురించి ఒక్క మాట. పాతకాలపు మెటల్ హాలైడ్ దీపాలైతే కరెంటు క్షణం పోయినా చల్లబడి మళ్లీ పూర్తి వెలుగుకు రావడానికి పది నిమిషాలకు పైనే పడుతుంది. ఎల్‌ఈడీలైతే ఆ బాధ లేదు. జనరేటర్ ఉందని సరిపెట్టుకోకుండా, మెయిన్ స్విచ్ తీయించి నీ కళ్లతో చూడు.

ఇక గదులు. సన్నాహక కోర్టులు పోటీ హాలుకు నడిచి వెళ్లేంత దగ్గరలో లేకపోతే ఎంత పెద్ద స్టేడియమైనా చిన్నదే. డోపింగ్ పరీక్షకు వేచి ఉండే గది, దానికి ఆనుకునే టాయిలెట్ ఉండాలి, బయటివారెవరూ అటు రాకూడదు. రిఫరీకి, అంపైర్లకు, ఫిజియోలకు విడివిడిగా గదులు కావాలి. రాకెట్లకు గట్ బిగించేవాళ్లకు పగలంతా పని ఉంటుంది, వాళ్లను మెట్ల కింద కూర్చోబెట్టవద్దు. ఇవన్నీ గోడలు కట్టాక చేర్చడం కష్టం గనుక, నా దృష్టిలో స్టేడియం పెద్దదా చిన్నదా అన్నది తేల్చేవి ఇవే.

సీట్ల విషయంలో నేలమీద కుర్చీలు వేసి సభలు జరిపినప్పటి సంఖ్యను నమ్మవద్దు. కోర్టులు పరిచాక గ్యాలరీలో మిగిలేవే మన సీట్లు. వాటిలోనూ స్తంభాలు అడ్డొచ్చేవి, లైన్ జడ్జి తల తప్ప మరేమీ కనిపించనివి తీసేయాలి. మొదటి రెండు రోజులు సగం గ్యాలరీ నిండడమే కష్టం, నిండవలసింది సెమీస్, ఫైనల్స్ నాడు.

స్థాయి విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. మన దేశంలో మొట్టమొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ 2009లో గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో జరిగింది. జాతీయ క్రీడలు, ఆఫ్రో ఏషియన్ క్రీడల కోసం కట్టిన ప్రాంగణం అది. మనం అక్కడ మొదలుపెట్టనక్కరలేదు. కటక్ 2022 జనవరిలో ఒడిశా ఓపెన్ సూపర్ 100 జరిపింది. అంతర్జాతీయ టూర్‌లో సూపర్ 100 కింది మెట్టు, సూపర్ 500 లాంటివి పై మెట్లు. పద్నాలుగేళ్ల ఉన్నతి హుడా టైటిల్ గెలిచింది ఆ టోర్నీలోనే. గువాహటి సూపర్ 100 టోర్నీ జరుపుతూ వచ్చి, 2025 అక్టోబరులో ప్రపంచ జూనియర్ చాంపియన్‌షిప్‌కే ఆతిథ్యమిచ్చింది. విశాఖ వెళ్లవలసిన దారి ఇదే. ముందు జాతీయ ర్యాంకింగ్ టోర్నీ, తర్వాత సూపర్ 100 కన్నా ఒక మెట్టు కిందిదైన ఇంటర్నేషనల్ చాలెంజ్, ఆ పైన సూపర్ 100 అడుగు. సూపర్ 500 మాట ఇప్పుడు ఎత్తితే మన కొలతలు ఒప్పుకోవు, ఒకసారి తిరస్కరించిన ఊరిని మళ్లీ పరిశీలించడానికి చాలాకాలం పడుతుంది.

తేదీల్లో అక్టోబరు, నవంబరు వదిలెయ్. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరిని ఏంచేసిందో నీకు చెప్పనక్కరలేదు. జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో ఉక్కపోత తక్కువ, ఏసీ మీద భారం తక్కువ, సంక్రాంతి రద్దీ తగ్గి హోటల్ గదులూ దొరుకుతాయి. నేల, ఎత్తు, గాలి, గదుల కొలతలు రాసిన కాగితాలు, నువ్వు గీసిన పొగ బొమ్మతో సహా నాకు పంపు. రాష్ట్ర సంఘానికి పెట్టే దరఖాస్తు వాటిని చూశాక ఇద్దరం కలిసి రాద్దాం.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి