ఆరోగ్య సందేహాలు: కాలేయ వ్యాధిలో రక్తపు వాంతులు, బ్యాండింగ్ చికిత్స

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. మా మామగారికి 59 ఏళ్లు, కొబ్బరితోట చూసుకుంటారు. చాలాకాలం మద్యం తాగారు. సంక్రాంతి వెళ్లాక ఒక రాత్రి రక్తం వాంతి చేసుకుంటే కాకినాడ తీసుకెళ్లాం. లివర్ సిర్రోసిస్ వల్ల అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బి పగిలాయని చెప్పి, ఎండోస్కోపీతో రబ్బరు బ్యాండ్లు వేశారు. మూడు వారాలకు మళ్లీ రమ్మన్నారు. ఇప్పుడు బాగానే తిరుగుతున్నారు కనుక, మళ్లీ ఆ గొట్టం వేయించుకోనంటున్నారు. ఆ బ్యాండ్లు లోపలే ఉండిపోతాయా? ఇంకెన్నిసార్లు వేయించాలి? తిండి విషయంలో ఏ జాగ్రత్తలు పాటించాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, డాక్టరు చెప్పిన తేదీకి మీ మామగారిని తప్పక తీసుకెళ్లండి. మీరడిగిన అన్నిటికంటే ఇది ముఖ్యం. ఒకసారి ఇలా రక్తస్రావం అయినవారు ఆపై చికిత్స మానేస్తే, ఏడాది రెండేళ్లలో సగానికి మించిన మందికి మళ్లీ అవుతుంది. ఆయన బాగా తిరుగుతున్నారంటే రక్తం ఆగిందని అర్థమే గాని, సిరలను ఉబ్బించిన ఒత్తిడి తగ్గిందని కాదు. ఉబ్బిన సిరలు పగిలేదాకా నొప్పి పుట్టించవు కాబట్టి, ఒంట్లో హాయిగా ఉందన్న ధైర్యం ఈ జబ్బులో పనికిరాదు.

పేగుల నుంచి, ప్లీహం నుంచి వచ్చే రక్తం పోర్టల్ సిర ద్వారా కాలేయంలోకి చేరి, అక్కడినుంచి గుండెకు వెళ్తుంది. సిర్రోసిస్‌లో కాలేయం మచ్చకట్టి గట్టిపడటంతో ఆ దారి ఇరుకైపోతుంది. పెద్ద కాలువలో గుర్రపుడెక్క అడ్డంపడితే నీరు ఎగదన్ని పక్క బోదెల గట్లు తెంపినట్లే, ఆ రక్తం అన్నవాహిక అడుగున ఉన్న సన్నని సిరల్లోకి మళ్లి వాటిని ఉబ్బిస్తుంది. కాలేయానికి ఇటూ అటూ ఉండే ఒత్తిడి తేడా, బీపీలాగే పాదరసం కొలతలో చెప్తే, మామూలుగా 5 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. అది 10 దాటితే సిరలు ఉబ్బే పరిస్థితి వస్తుంది, 12 దాటితే పగిలే ప్రమాదం ఉంటుంది.

బ్యాండింగ్‌లో ఎండోస్కోపు కొనకు పారదర్శకమైన చిన్న తొడుగు అమరుస్తారు. దాని చుట్టూ సాగదీసిన రబ్బరు రింగులు వరుసగా ఎక్కించి ఉంటాయి. డాక్టరు ఉబ్బిన సిరను ఆ తొడుగులోకి పీల్చి, పైనున్న చక్రం తిప్పగానే ఒక రింగు జారి సిర మొదట్లో బిగుసుకుంటుంది. రక్తం అందని ఆ ముక్క ఎండి, కొద్దిరోజుల్లో రింగుతో సహా ఊడి మలంలో పోతుంది. కాబట్టి బ్యాండ్లు లోపల ఉండిపోవు. 1980ల చివర్లో ఈ పద్ధతి రాకముందు సూదితో మందు ఎక్కించి సిరను మూసేసేవారు. దానివల్ల అన్నవాహికలో పుండ్లు, ఇరుకుదనం ఎక్కువగా వచ్చేవి. ఇప్పటి పద్ధతి రోగికి ఎంతో సుళువు.

అయితే సిరలన్నీ ఒక్కసారికే పోవు. రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో, అవి కనబడకుండా పోయేదాకా బ్యాండ్లు వేయాలి. చాలామందికి ఇది రెండు నుంచి నాలుగుసార్లలో పూర్తవుతుంది. ఆ తర్వాత మూడు నుంచి ఆరు నెలల్లో ఒకసారి, ఆపైన ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి చూపించుకోవాలి. ఒత్తిడి అలాగే ఉంటుంది కనుక సిరలు మళ్లీ పుట్టుకొస్తాయి.

బ్యాండు ఊడిన చోట చిన్న పుండు పడి, మానడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. వేసిన రోజు ద్రవాలు, తర్వాత కొన్నాళ్లు జావ, మెత్తటి పెరుగన్నం పెట్టండి. ఆ రెండు వారాలూ జంతికలు, అప్పడాలు వద్దు. చేపల పులుసు పెడితే ముళ్లన్నీ మీరే తీసిపెట్టండి. ఆ తర్వాత పప్పు, గుడ్లు, పాలు, చేపలు బాగా తినాలి. లివర్ జబ్బు అనగానే మాంసకృత్తులు మాన్పించేస్తారు గాని, దానివల్ల కండ కరిగి మనిషి మరింత నీరసిస్తాడు. పడుకునే ముందు కొంచెం ఏదైనా తినడం మంచిది. పొట్టలో నీరు చేరితే మాత్రం ఉప్పుచేప, ఆవకాయ దూరం పెట్టాలి.

ప్రొప్రానొలాల్ గాని కార్వెడిలాల్ గాని రాసి ఉంటే, ఆ మాత్ర బ్యాండ్లతో సమానంగా ముఖ్యం. బ్యాండు పట్టేది సిరను, మాత్ర తగ్గించేది ఒత్తిడిని. నాడి మరీ నెమ్మదించినా, కళ్లు తిరిగినా డాక్టరుకు చెప్పండి గాని మీ అంతట మీరు ఆపేయకండి. ఒళ్లు నొప్పులకు ఊళ్లో ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రలు, ఇంజెక్షన్లు వద్దేవద్దు. అవి రక్తస్రావాన్ని రేపుతాయి, మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. మద్యం ఒక్క చుక్క కూడా తాగకూడదు. పూర్తిగా మానినవారిలో ఒత్తిడి తగ్గి, కాలేయం కొంత తేరుకోవడం నిజంగా జరుగుతుంది.

మళ్లీ రక్తం వాంతి అయినా, మలం నల్లగా జిగటగా వచ్చినా తెల్లవారేదాకా ఆగకండి. ఎడమపక్కకు ఒరిగించి పడుకోబెట్టి, నోటికి ఏమీ ఇవ్వకుండా 108కు ఫోన్ చేయండి. ఎండోస్కోపీ, రక్తనిధి రెండూ ఉన్న ఆసుపత్రి మీకు దగ్గరలో ఏదో ఇప్పుడే కనుక్కుని ఉంచుకోండి. అక్కడ ఒత్తిడి తగ్గించే ఇంజెక్షను, యాంటీబయాటిక్ వెంటనే మొదలుపెట్టి, సాధారణంగా 12 గంటల లోపల ఎండోస్కోపీ చేస్తారు.

ప్రశ్న: మా అమ్మకు 20 ఏళ్లుగా షుగరు. మద్యం అలవాటు లేదు. ఫ్యాటీ లివర్ ముదిరి సిర్రోసిస్ అయిందన్నారు. రక్తం ఎప్పుడూ పడలేదు గాని, ఎండోస్కోపీలో పెద్ద సిరలు కనిపించాయట. కార్వెడిలాల్ మాత్ర ఇచ్చారు. బ్యాండ్లు వేయించనక్కర్లేదా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: రక్తస్రావం కాకముందు ఆ మాత్రైనా, బ్యాండింగైనా రెండూ సరైన చికిత్సలే. మాత్ర ఒంటికి పడుతున్నంతకాలం బ్యాండ్లు వెంటనే అక్కర్లేదు. ఆస్తమా ఉన్నా, బీపీ బాగా పడిపోతున్నా మాత్ర కుదరదు కనుక బ్యాండ్లు వేస్తారు. ఉబ్బిన సిరలు జీర్ణాశయం పైభాగంలో ఉంటే మాత్రం బ్యాండు సరిగా పట్టదు. పగిలినప్పుడు అక్కడ జిగురు మందు ఎక్కిస్తారు. మీ అమ్మగారి సిరలు ఎక్కడున్నాయో ఎండోస్కోపీ రిపోర్టులో రాసి ఉంటుంది, డాక్టరుగారిని అడిగి తెలుసుకోండి. ఆమెకు హెపటైటిస్ బి, సి పరీక్షలు జరగకపోయి ఉంటే అవీ చేయించండి.