ఆ అమ్మాయి ఎందుకు మాట్లాడడం మానేసిందో మీకు తెలుసు

ప్రశ్న: మాది తెనాలి. మా బాబుకు 11 ఏళ్లు. బుద్ధిమాంద్యం 60 శాతం అని సదరం సర్టిఫికెట్ ఇచ్చారు. దగ్గర్లోని ప్రైవేటు బడిలో నాలుగో తరగతిలో కూర్చుంటున్నాడు కానీ, చిన్న చిన్న మాటలు తప్ప చదవలేడు. వచ్చే ఏడాది వేరే చోటు చూసుకోమని బడివాళ్లు చెప్పేశారు. మా పాపకు 17 ఏళ్లు. ఇంటర్ అయింది, తిరుపతి వ్యవసాయ కళాశాలలో సీటు వచ్చింది. బాబుకు స్నానం, బట్టలు, అన్నం, చదువు అన్నీ తనే చూస్తుంది. వాడు నా మాట వినడు, అక్క మాటే వింటాడు. మేం పోయాక వాడికి దిక్కు అక్కే కదా అని, ఇక్కడే డిగ్రీలో చేరమన్నాం. అప్పటి నుంచి తను నాతో మాట్లాడటం లేదు. మావారు వ్యాపారంలో తీరిక లేక ఇవన్నీ నాకే వదిలేశారు. బాబును మామూలు బడిలోనే ఉంచాలా, ప్రత్యేక పాఠశాలలో వేయాలా చెప్పండి.

జవాబు: అమ్మా, మీరు అడిగిన ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను, ఎందుకంటే అందులో మీరు అనుకుంటున్నంత చిక్కు లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతానికి తగ్గని వైకల్యమున్న పిల్లలకు ఆరో ఏడు నుంచి పద్దెనిమిదో ఏడు వరకు ఇంటి దగ్గరి బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి వైకల్యాన్ని కారణంగా చూపి పిల్లవాణ్ని చేర్చుకోననడానికి వీల్లేదని కూడా అదే చట్టం చెబుతుంది. మీ మండలంలో ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రానికి వెళ్లి అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులతో మాట్లాడండి. ఒకసారి సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీకి, అంటే పాతవారు ఎన్‌ఐఎంహెచ్ అని పిలిచే, బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థకు తీసుకువెళ్లి, బాబుకు ఏమేమి వచ్చో, తర్వాత ఏమి నేర్పాలో నిపుణుల చేత రాయించుకోండి. ఆ కాగితాన్ని బట్టి ఏ బడి అన్నది మీకే తేలుతుంది. మామూలు బడిలో వేసి పొద్దున కొన్ని గంటలు భవిత కేంద్రానికి పంపినా తప్పు లేదు, ప్రత్యేక పాఠశాలలో వేసినా పరువు పోదు.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో బాబు కష్టం గురించి ఎంతో రాశారు. పాప మీతో మాట్లాడడం లేదన్న సంగతిని మాత్రం ఒక్క వాక్యంలో చెప్పి, మళ్లీ బడి సంగతిలోకి వెళ్లిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను. తమ్ముడు పుట్టేనాటికి ఆ పిల్లకు ఆరేళ్లు. తన బడి సంచి తాను మోయలేని వయసు నుంచి ఈ పిల్లవాడి పని ఆమె మీద పడుతూ వచ్చింది, ఇన్నేళ్లలో ఒక్కసారైనా నీకు ఇష్టమేనా అని ఆమెను అడిగినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా కనబడలేదు. ఇప్పుడు తన కష్టంతో తెచ్చుకున్న సీటును, ఇంట్లో చాకిరీకి మనిషి ఉండాలన్న కారణంతో వదులుకోమన్నారు. మాట కటువుగా ఉంటే క్షమించండి గానీ, మెత్తగా చెబితే దాటవేస్తారేమోనన్న భయంతో ఇలా రాస్తున్నాను.

మీరు గమనించని మరో సంగతి ఉంది. వాడు అక్క మాటే వింటాడని రాశారు. అక్క చొక్కా తొడుగుతుంది, అన్నం కలిపి ముద్దలు పెడుతుంది, కాబట్టి పదకొండేళ్ల పిల్లవాడు గుండీ పెట్టుకోవడం, కంచం కడుక్కోవడం నేర్చుకోవలసిన అవసరమే రాలేదు. ఇటువంటి పిల్లలకు ఏ పని అయినా చిన్న చిన్న మెట్లుగా విడదీసి, చాలాసార్లు చివరి మెట్టు నుంచి వెనక్కి నేర్పుతారు. చొక్కాకు అయిదు గుండీలుంటే పై నాలుగూ మీరు పెట్టి, అడుగునున్న చివరి గుండీ వాణ్ని పెట్టుకోనివ్వాలి. అది వారాలు పట్టినా విసుక్కోకుండా చేయించి, వచ్చాక చివరి రెండూ వాడికి వదలాలి. పని వాడి చేతుల్లోనే పూర్తవుతుంది కాబట్టి ప్రతిరోజూ నేనే వేసుకున్నాను అన్న సంతోషం వాడికి మిగులుతుంది. పది రూపాయల నోటు, ఇరవై నోటు గుర్తుపట్టడం, కొట్టుకు వెళ్లి కొత్తిమీర కట్ట కొని చిల్లర తెచ్చుకోవడం, ఇంటి చిరునామా తడబడకుండా చెప్పడం, వీటిని కూడా చదువు అనే అంటారు. నాలుగో తరగతి పాఠ్యపుస్తకం ముందు కూర్చోబెట్టి ఏడిపించడం కన్నా వాడికి ఇవి ఎక్కువ ముఖ్యం. అన్నీ చేసిపెట్టే అక్క ఇంట్లో ఉన్నంత కాలం ఇవి నేర్పడానికి మీకు ఓపిక రాదు, వాడికి అవసరం పడదు. ఆమెను ఆపడం వల్ల ఇద్దరు పిల్లల చదువూ ఆగుతుంది.

మేం పోయాక అన్న భయం ప్రతి తల్లికీ ఉంటుంది, దాన్ని నేను చిన్నబుచ్చను. అయితే ఆ భయానికి పదిహేడేళ్ల పిల్లను జామీను పెట్టకూడదు. బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఉంది. బాబుకు పద్దెనిమిది నిండాక జిల్లా కలెక్టరు ఉండే స్థానిక కమిటీ ద్వారా చట్టబద్ధమైన సంరక్షకుణ్ని నియమించుకోవచ్చు. ఆ చట్టం కింద నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంటుంది, ఇంతవరకు చేర్చకపోతే ఇప్పుడే చేర్చండి. వాడి పేరిట కొంత డబ్బు, వాడికి తెలిసిన ఒక ఇల్లు, వాడికి అలవాటైన నాలుగైదు ముఖాలు ఏర్పాటు చేయడం మీవారూ మీరూ కూర్చుని చేయవలసిన పని. వ్యాపారంలో తీరిక లేదని ఆయన తప్పుకుంటే, వారానికి రెండు పూటలు బాబును దుకాణానికి తీసుకువెళ్లమనండి. సరుకు సర్దడం, సంచుల్లో నింపడం వాడు అక్కడే నేర్చుకుంటాడు. రేపు అక్క ఉద్యోగం చేసుకుంటూ తనంతట తానుగా తమ్ముడికి అండగా నిలబడితే అది ఆమె ఇష్టం, దాని విలువే వేరు. మీరు ఇప్పుడు నిర్బంధించి తెచ్చుకునేది చాకిరీ అవుతుంది, తర్వాత పగ అవుతుంది.

ఒక్క మాట మీ మనసులో మీరే వేసుకుని చూడండి. పెద్దది కూతురు కాకుండా కొడుకై, అతనికి ఇదే సీటు వచ్చి ఉంటే, తమ్ముడికి అన్నం కలపడానికి ఇంట్లో ఉండిపొమ్మని అనేవారా?

ఆమె దగ్గరికి వెళ్లి, నీ తమ్ముణ్ని నీ మీద పెట్టడం నా తప్పు అని మీ నోటితో చెప్పండి. బంధువుల ద్వారా కబురు చేయకండి, అన్నం తింటున్నప్పుడు గోడతో అన్నట్టు అనకండి. ఆమె వెంటనే కరగకపోవచ్చు, ఏడ్వకపోవచ్చు, మీ మీద అరవవచ్చు కూడా. మీరు ఎదురు చెప్పకుండా వినండి. ఫీజు కట్టే గడువు ఎప్పుడో మీరు రాయలేదు, రేపు పొద్దునే కనుక్కుని కట్టి, రసీదు ఆమె చేతికే ఇవ్వండి. ఆమె బయల్దేరే రోజున బాబును కూడా స్టేషనుకు తీసుకువెళ్లండి. చొక్కా చివరి గుండీ వాడే పెట్టుకోవాలి కాబట్టి, తయారు చేయడం కాస్త ముందుగానే మొదలుపెట్టండి.