అన్నయ్య నన్ను 'మెగ్' అని పిలుస్తున్నాడు

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. డిగ్రీ అయ్యాక బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. మాది కూర్మన్నపాలెం. నాన్నది స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. అన్నయ్యా నేనూ 'ఫ్యామిలీ గై' అనే అమెరికన్ యానిమేషన్ సిరీస్ చూస్తుంటాం. అందులో మెగ్ అనే అమ్మాయిని ఇంటిల్లిపాదీ ఎగతాళి చేస్తుంటే నాకు ఒళ్లు మండిపోతుంది. పాపం, ఆ పిల్ల ఎవరికీ ఏ అన్యాయమూ చేయదు. రాత్రి రెండింటిదాకా ఆ క్లిప్పులే చూసి ఏడుస్తున్నాను. రెండు నెలలుగా అన్నయ్య నన్నూ 'మెగ్' అని పిలుస్తున్నాడు, అమ్మ నవ్వుతోంది. మొన్న పెద్దమ్మవాళ్ల ముందు అలా పిలిస్తే రిమోట్ విసిరికొట్టాను. 'బొమ్మల కోసం ఇంత రాద్ధాంతమా' అని నాన్న కేకలేశారు. చూడటం మానేయాలా? నాకేమైనా పిచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: పిచ్చి కాదు. తెర మీది మనుషులతో చూసేవాళ్లకు ఏర్పడే ఏకపక్ష అనుబంధానికి డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే పరిశోధకులు 1956లోనే 'పారాసోషల్' అని పేరు పెట్టారు. బొమ్మలకైనా అది వర్తిస్తుంది. సీరియల్లో కోడలి కష్టాలకు కళ్లొత్తుకునే ఇళ్లలోనే 'బొమ్మల కోసం ఏడుపేంటి' అని కేకలు వినిపిస్తాయి, ఆ సంగతి వదిలేద్దాం.

ముందు సిరీస్ గురించి. మీ కోపంలో న్యాయం ఉంది. 1999లో మొదలైనప్పుడు మెగ్ మామూలు టీనేజ్ అమ్మాయి. మొదటి ఎపిసోడ్‌లో ఆమె గొడవల్లా పెదాలు లావుగా కనిపించేలా ఇంజెక్షన్ చేయించుకోవాలని, వాళ్లమ్మ లోయిస్ వద్దంటుందని. అప్పట్లో నవ్వు తండ్రి పీటర్ తెలివితక్కువతనం మీద పుట్టేది. పోనుపోను 'నోర్మూసుకో మెగ్' అన్నదే జోకైపోయింది. ఒకే జోకును ఇరవై ఏళ్లు నడపాలంటే ప్రతిసారీ కాస్త కారం పెంచాలి, లేకపోతే నవ్వు రాదు. పైగా ఈ తరహా కామెడీలో వారం తిరిగేసరికి అంతా మళ్లీ మొదటికొస్తుంది. 8వ సీజన్‌లో మెగ్ జైలుకెళ్లి మొరటుగా తిరిగొచ్చి ఇంట్లో అందర్నీ గడగడలాడిస్తుంది. అయినా ఎపిసోడ్ అయ్యేసరికి పాత మెగ్గే. వ్యంగ్యం కదా, అందర్నీ వెక్కిరిస్తారు కదా అని మీ అన్నయ్య అనవచ్చు. నిజమే, కానీ మిగతావాళ్లు దెబ్బ తింటే తిరిగి కొడతారు, అప్పుడప్పుడూ గెలుస్తారు. ఆ అవకాశం మెగ్‌కి దాదాపు లేదు. అందుకే అది సరదా దాటి హింసలా తోస్తుంది.

మీరు మళ్లీ చూడవలసిన ఎపిసోడ్ ఒకటుంది, 2011 అక్టోబరులో వచ్చింది. తుపాను వల్ల అందరూ ఇంట్లో చిక్కుకుంటారు. (2014లో హుద్‌హుద్ తర్వాత కరెంటు లేక ఒకే గదిలో రోజులు గడిపిన మన విశాఖవాళ్లకు ఆ ఉక్కపోత వేరే చెప్పాలా!) ఆ రోజు మెగ్ తమ్ముణ్నీ, అమ్మనీ, నాన్ననీ వరసగా నిలదీస్తుంది. న్యాయంగానే మాట్లాడుతుంది. అయితే తిట్టడానికి ఆమె దొరకకపోయేసరికి మిగతావాళ్లు ఒకరి మీద ఒకరు పడతారు. అది చూసి మెగ్ వెనక్కి తగ్గుతుంది. ఈ ఇంటికి పిడుగు తన మీదికి లాక్కునే కడ్డీ ఒకటి కావాలేమో, అది నేనే అవుతాను అనుకుని క్షమాపణ చెబుతుంది. దాన్ని త్యాగంలా చూపించారు. నా దృష్టిలో ఆ సిరీస్ మెగ్‌కి చేసిన అసలు అన్యాయం అదే. తిట్ల కంటే ఇది ప్రమాదం, ఎందుకంటే చూసే అమ్మాయికి ఇది సబబే అనిపిస్తుంది.

తల్లిదండ్రులు తమలో తాము తేల్చుకోలేని గొడవను పిల్లల్లో ఒకరి మీదికి మళ్లించి ఇంటిని నిలబెట్టుకోవడం గురించి 1960లో ఎజ్రా వోగెల్, నార్మన్ బెల్ అనే పరిశోధకులు వివరంగా రాశారు. పైకి ఇల్లు ప్రశాంతంగానే ఉంటుంది, ఖర్చంతా ఆ ఒక్కరిది. మీ ఇంట్లో జరుగుతున్నది అదేనని మీ ఉత్తరం ఒక్కటీ చూసి నేను తీర్పు చెప్పను. మీరే తేల్చుకోవచ్చు. ఒక నోట్‌బుక్‌లో పేజీ మధ్య గీత గీయండి. ఎడమవైపు సిరీస్‌లో మీకు మండిన సన్నివేశం, కుడివైపు ఆ రోజు ఇంట్లో మిమ్మల్ని అన్న మాట, ఎవరన్నారు, ఎవరి ముందు, అంతకు ముందు ఇంట్లో ఏం జరిగింది. పది రోజులు రాయండి. కుడివైపు ఖాళీగా ఉంటే సమస్య సిరీస్‌తోనే. నిండితే చివరి వివరం జాగ్రత్తగా చదవండి. నాన్న నైట్ షిఫ్టు చేసి నిద్ర లేకుండా ఉన్న రోజు, అమ్మా ఆయనా మాట పట్టింపుకు వచ్చిన రోజు 'మెగ్' పిలుపులు ఎక్కువగా కనిపిస్తే, నవ్వు ఎక్కడి నుంచి పుడుతోందో తెలిసిపోతుంది.

ఇక అర్ధరాత్రి క్లిప్పులు. అవి ఈ రోజే ఆపండి. ఎపిసోడ్ చూడటం వేరు, 'మెగ్‌ని తిట్టిన సీన్లు' అని కలిపి కుట్టిన వీడియో చూడటం వేరు. ఎపిసోడ్‌లో తిట్టుకు ముందూ వెనకా కథ ఉంటుంది. కుట్టిన వీడియోలో ఇరవై ఏళ్ల అవమానాలు పది నిమిషాల్లో మీద పడతాయి. మీరు ఏడుస్తూ చివరిదాకా చూశారంటే యాప్‌కి అర్థమయ్యేది మీకు అది నచ్చిందని, అందుకే ఇంకోటి తెచ్చిపెడుతుంది. ఆ వీడియోల పక్కన మూడు చుక్కలు నొక్కి 'ఆసక్తి లేదు' అని పెట్టండి, వాచ్ హిస్టరీలో వాటిని తీసేయండి, ఆటోప్లే ఆపండి. పడుకునేటప్పుడు ఫోన్ చార్జింగ్‌కి హాల్లో పెట్టండి. సిరీస్ చూడాలనిపిస్తే పగలు, ఒక్క ఎపిసోడ్. పూర్తిగా మానేయాలన్న నియమం ఇప్పుడే వద్దు. మానేసినా 'మెగ్' అన్న పిలుపు ఆగదుగా.

ఆ పిలుపును ఆపాల్సింది అన్నయ్యతో మాట్లాడి. భోజనాల దగ్గర వద్దు, నాన్న ఎదుట అసలే వద్దు. వినేవాళ్లుంటే అతను తగ్గడు. ఇద్దరూ బండి మీద కర్రీ పాయింట్‌కో మందుల షాపుకో వెళ్లే సాయంత్రం చూసుకోండి. ఎదురెదురుగా కూర్చుంటే విచారణలా ఉంటుంది, అదే దారిలో అయితే మాట తేలికవుతుంది. మూడే వాక్యాలు: "మొన్న పెద్దమ్మవాళ్ల ముందు నన్ను మెగ్ అన్నావు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంకెప్పుడూ ఆ పేరుతో పిలవకు అన్నయ్యా." రిమోట్ విసిరినందుకు సారీ చెప్పాలనిపిస్తే చెప్పండి, కానీ దాన్నీ దీన్నీ ఒకే మాటలో కలపకండి. కలిపితే అతనికి సారీ ఒక్కటే వినిపిస్తుంది.

ఇక్కడ చాలామంది తప్పటడుగు వేసేది రెండు చోట్ల. ఒకటి, 'నువ్వెప్పుడూ ఇంతే' అని మొదలుపెట్టి ఆరో తరగతి నాటి సంగతులన్నీ తవ్వడం. రెండు, మెగ్‌ని సాక్ష్యానికి పిలవడం. "మెగ్‌కి ఎంత అన్యాయం జరిగిందో నీకు అర్థం కాదు" అన్నారంటే మాట సిరీస్ మీదికి మళ్లుతుంది, అక్కడ అతను హాయిగా వాదించుకుంటాడు. 'జోకే కదే' అంటాడు. "జోకేరా అన్నయ్యా, నాకే నవ్వు రావట్లేదు" అనండి. ఒక్కసారే. అక్కడితో కూర గురించి మాట్లాడుకోండి.

మర్నాటి నుంచే మారిపోతాడనుకోకండి. వారం పదిరోజులు ఆ పిలుపు పెరగవచ్చు కూడా. అంతకుముందు దొరికిన ఫలితం ఇప్పుడు దొరకనప్పుడు మనుషులు మరికాస్త గట్టిగా ప్రయత్నించడం సహజం. ఆ పేరుకు పలక్కండి, తల తిప్పకండి. అసలు పేరుతో పిలిచినప్పుడు మాత్రం వెంటనే, మామూలుగా పలకండి. నాలుగుసార్లు ఓర్చుకుని అయిదోసారి అరిచారంటే, అయిదుసార్లు గిల్లితే పని జరుగుతుందని మీరే నేర్పినట్టు.

పెద్దమ్మ సాయం తీసుకోండి. 'అన్నయ్యకి చెప్పు' అని కాదు. అలా అడిగితే అది పంచాయితీ అవుతుంది. "మీ ముందు మళ్లీ అలా పిలిస్తే నవ్వకుండా మాట మార్చు పెద్దమ్మా" అని అడగండి. చాలా చిన్న సాయం, కానీ నవ్వేవాళ్లలో ఒకరు తగ్గితే ఆ జోకు సగం చచ్చిపోతుంది.

అన్నిటికంటే కష్టమైన ఘట్టం ఆ తర్వాత వస్తుంది. మీరు నవ్వులపాలు కావడం మానేశాక అమ్మానాన్నల మధ్య చిటపటలు పైకి రావచ్చు. 'నువ్వు పెడసరంగా తయారయ్యావు, నీవల్లే ఇంట్లో గొడవలు, కాస్త సర్దుకుపోరాదూ' అని అమ్మే అనవచ్చు. ఆ 2011 ఎపిసోడ్‌లో మెగ్ క్షమాపణ చెప్పింది సరిగ్గా ఇక్కడే. మీరు చెప్పకండి. ఎదురుతిరగనూ అక్కర్లేదు. "మీ ఇద్దరి గొడవ మీరిద్దరూ మాట్లాడుకోండమ్మా, నేను చదువుకుంటున్నాను" అని గదిలోకి వెళ్లండి. ఆ గొడవ మీరు పుట్టించింది కాదు, ఇన్నాళ్లూ మీ వెనక దాక్కుని ఉంది.

నిద్ర పట్టకపోవడం, ఏడుపు, పుస్తకం ముందు కూర్చోలేకపోవడం క్లిప్పులు ఆపాక కూడా రెండు వారాలు దాటితే ఇంటి చిట్కాలతో సరిపెట్టుకోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. నేరుగా చూపించుకోవాలంటే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది, పొద్దున్నే ఓపీకి వెళ్లండి. ఆ నోట్‌బుక్ వెంట తీసుకెళ్తే డాక్టర్‌కి మొదటినుంచీ చెప్పుకొచ్చే శ్రమ తగ్గుతుంది. చచ్చిపోవాలనో, ఒంటికి హాని చేసుకోవాలనో అనిపించినా, ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకున్నా రెండు వారాలు ఆగకండి, ఆ రోజే ఫోన్ చేయండి.