లైనక్స్ మింట్‌లో వైఫై డాంగిల్ సీడీలా కనిపిస్తోందా?

రాయగడ నుంచి మీరు అడిగిన ప్రశ్న చదవగానే రెండేళ్ళ క్రితం మా పెరటి గదిలో నేను పడ్డ అవస్థ గుర్తొచ్చింది. పాత డెస్క్‌టాప్‌లో విండోస్‌కు బదులు లైనక్స్ మింట్ 21 అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నారు. కొత్త యూఎస్‌బీ వైఫై డాంగిల్ (వైఫై పట్టుకునే చిన్న పరికరం) పెడితే ఒక్క నెట్‌వర్క్ కూడా కనిపించడం లేదు, దానికి బదులు తెర మీద సీడీ బొమ్మ వస్తోంది. అమ్మినవారేమో అది విండోస్‌కే పనిచేస్తుందన్నారు. వేరేది కొనాలా అని అడిగారు. కొనకండి. నాకూ అచ్చం ఇలాగే జరిగింది. అదే డాంగిల్‌తో ఇప్పుడు ఈ జవాబు పంపుతున్నాను.

మాది ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. ఒడియాలోనూ తెలుగులోనూ దరఖాస్తులు టైపు చేసి ఇవ్వడం, ఆన్‌లైన్ ఫారాలు నింపడం నా పని. రెండు లిపులూ ఒకే కీబోర్డు మీద ఇబ్బంది లేకుండా మార్చుకోవచ్చని లైనక్స్‌కు వచ్చాను. ఇల్లు మా తాతగారి కాలం నాటిది, పొడుగ్గా రైలుపెట్టెలా ఉంటుంది. రూటరు వీధి గదిలో, కంప్యూటరు పెరటి గదిలో. మధ్యలో మూరెడు మందం గోడలు మూడు. వాటికి కన్నాలు పెట్టి తీగ లాగడానికి నాన్నగారు ఒప్పుకోలేదు, అందుకే డాంగిల్ కొన్నాను.

ఆ సీడీ బొమ్మ సంగతి ముందు చెబుతాను. కొన్ని డాంగిళ్ళలో విండోస్ డ్రైవరును (పరికరాన్ని కంప్యూటరు చేత పనిచేయించే ప్రోగ్రామును) లోపలే చిన్న డిస్కులా దాచి పెడతారు. కంప్యూటర్‌కు పెట్టగానే అది ‘నేను సీడీ డ్రైవును’ అని చెప్పుకుంటుంది. విండోస్‌లో ఆ డ్రైవరు ఎక్కాక వైఫైగా మారుతుంది. లైనక్స్‌లో దాన్ని మార్చేవారు లేకపోతే సీడీగానే ఉండిపోతుంది. అంటే మీ డాంగిల్ పాడవలేదు, ఇంకా తన అసలు రూపంలోకి రాలేదంతే. టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి, పెట్టిన యూఎస్‌బీ పరికరాల పట్టిక చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ అనే ఆదేశం కొట్టండి, అన్నీ చిన్న అక్షరాలే, మధ్యలో ఖాళీ ఉండకూడదు. వచ్చిన వరుసల్లో 0బీడీఏ:1ఏ2బీ అనే గుర్తు ఉందేమో చూడండి. మొదటి నాలుగు అక్షరాలు చిప్‌లు చేసే రియల్‌టెక్ సంస్థవి, తర్వాతి నాలుగు ఈ సీడీ అవతారానివి. ఇప్పుడు ఫైల్ మేనేజర్‌లో ఆ సీడీ పక్కనున్న ఎజెక్ట్ గుర్తు నొక్కి, మళ్ళీ ఎల్ఎస్‌యూఎస్‌బీ కొట్టండి. నాకు ఆ వరుస 0బీడీఏ:సీ811గా మారిపోయింది. డాంగిల్ చివర అప్పటిదాకా చీకటిగా ఉన్న చిన్న దీపం ఒక్కసారి మిణుకుమంది. నాలుగు రోజులుగా ఎదురుచూసిన మిణుకు అది, ఇంకా మరిచిపోలేదు.

ఎజెక్ట్‌తో మారకపోతే యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే ప్రోగ్రాం ఉంది, సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే దొరుకుతుంది. చేసే పని అదే. కంప్యూటరు వేసిన ప్రతిసారీ సీడీగా వస్తుంటే, ఆ గుర్తు కనిపించగానే మోడ్‌స్విచ్‌ను నడపమని ఉడెవ్ నియమం (పరికరం పెట్టగానే ఏం చేయాలో లైనక్స్‌కు చెప్పేది) ఒక వరుస రాసుకుంటే సరిపోతుంది.

ఇక అసలు విషయం చిప్. డబ్బా మీద ఏ పేరున్నా లోపలి చిప్ ఏమిటన్నదే లైనక్స్‌కు లెక్క. ఒకే పేరు, ఒకే మోడల్ నంబరు పెట్టుకుని లోపల చిప్ మారిపోయిన డాంగిళ్ళున్నాయి. టీపీ-లింక్ డబ్ల్యూఎన్722ఎన్ మొదటి వెర్షన్‌లో అథెరోస్ ఏఆర్9271 ఉండేది, రెండో వెర్షన్ నుంచి రియల్‌టెక్ 8188ఈయూఎస్ వచ్చింది. మొదటిదానికి లైనక్స్‌లో ఏళ్ళ తరబడి డ్రైవరు ఉంది, రెండోది చాలామందిని తిప్పలు పెట్టింది. ‘ఆ మోడల్ నాకు పనిచేసింది’ అని ఎవరైనా చెబితే వెర్షన్ కూడా అడగాలి.

సీ811 అంటే ఆర్‌టీఎల్8811సీయూ. ఈ కుటుంబం యూఎస్‌బీ చిప్‌లకు డ్రైవరు కెర్నెల్‌లో (లైనక్స్ మూల భాగంలో) చేరింది 2023లో వచ్చిన 6.2 నుంచే. మింట్ 21తో వచ్చే కెర్నెల్ 5.15, అందులో ఆ డ్రైవరు లేదు. మీ కష్టం మొత్తం ఈ రెండు అంకెల మధ్యే ఉంది. అప్‌డేట్ మేనేజర్‌లో వ్యూ మెనూ కింద లైనక్స్ కెర్నెల్స్ అని ఉంటుంది, అందులో 6.8 ఎంచుకుని వేసుకోండి. కంప్యూటరు ఆపి మళ్ళీ వేయండి. పాత కెర్నెల్‌ను తీసేయవద్దు. కొత్తది మొరాయిస్తే మొదలయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలోంచి పాతదానిలోకి వెళ్ళవచ్చు.

వైఫై లేకుండా కెర్నెల్ ఎలా దింపుకోవాలి? ఫోనును ఛార్జింగ్ తీగతో కంప్యూటర్‌కు కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోను ఇంటర్నెట్‌ను తీగ ద్వారా పంచుకోవడం) ఆన్ చేయండి. మింట్ దాన్ని తీగ కనెక్షన్‌గా గుర్తిస్తుంది, డ్రైవరు అడగదు. తీగ మంచిదై ఉండాలి, కొన్ని తీగలు ఛార్జింగ్‌కే పనికొస్తాయి. మా ఊళ్ళో ఫోను ఒకసారి ఒడిశా వైపు టవరును, ఒకసారి ఆంధ్రలోని పాతపట్నం వైపు టవరును పట్టుకుంటూ మధ్యలో తెగిపోతుంది. పెరటి కిటికీలో పెట్టి కదపకుండా వదిలేస్తే నిలకడగా దిగింది.

నేను చేసిన తప్పు మీరు చేయకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను. కెర్నెల్ మార్చాలని నాకు అప్పుడు తెలియదు. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన డ్రైవరు కోడు దింపి, కంపైల్ చేసి (నా కంప్యూటరు నడపగలిగే రూపంలోకి కట్టి) ఎక్కించాను. పనిచేసింది. మూడు వారాలు హాయిగా గడిచాయి. ఒక సాయంత్రం అప్‌డేట్‌లు వేసి పడుకున్నాను. పొద్దున లేచేసరికి వైఫై లేదు. కెర్నెల్ మారింది, నేను కట్టిన డ్రైవరు పాత కెర్నెల్‌కే చెందింది. ఆ రోజు పక్క వీధి అమ్మాయి నర్సింగ్ దరఖాస్తుకు ఆఖరి రోజు. తన సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని ఉదయం నుంచి మా అరుగు మీద కూర్చుంది. ఫోను టెథరింగ్ సంగతి గుర్తొచ్చి ఆ ఫారం పంపేసరికి సాయంత్రం అయిదు దాటింది. ఆ అమ్మాయి ముఖం చూశాక, పని నడిచే కంప్యూటర్‌లో బయటి డ్రైవరు పెట్టకూడదని నిశ్చయించుకున్నాను. తప్పనిసరైతే డీకేఎంఎస్ పద్ధతిలోనే పెట్టండి. కెర్నెల్ మారినప్పుడల్లా డ్రైవరును అది మళ్ళీ కడుతుంది. అప్పుడు కూడా బయాస్‌లో (కంప్యూటరు మొదలయ్యేటప్పటి అమరికల్లో) సెక్యూర్ బూట్ అనే రక్షణ ఆన్‌లో ఉంటే డిజిటల్ సంతకం లేని డ్రైవరును కెర్నెల్ లోపలికి రానివ్వదు. అందుకే డ్రైవరు ఎక్కించేటప్పుడు కంప్యూటరు పాస్‌వర్డు పెట్టమని అడిగి, మళ్ళీ మొదలయ్యేటప్పుడు నీలం తెర చూపిస్తుంది. అక్కడ ఎన్‌రోల్ మోక్ ఎంచుకుని అదే పాస్‌వర్డు కొట్టాలి. చాలామంది ఆ తెరను చూసి కంగారుపడి కంటిన్యూ నొక్కేస్తారు, డ్రైవరు ఎక్కదు. కెర్నెల్‌లోనే ఉన్న డ్రైవరుకు ఈ గొడవేదీ లేదు.

నెట్‌వర్క్‌లు కనిపించాక కూడా వేగం లేకపోతే డాంగిల్‌ను ఎక్కడ పెట్టారో చూడండి. కంప్యూటరు వెనక గోడకు ఆనుకున్న పోర్టులో పెడితే ఇనుప పెట్టె, గోడ రెండూ అడ్డు. యూఎస్‌బీ 3 పోర్టుల నుంచి, వాటికి పెట్టిన హార్డ్ డిస్కుల నుంచి వచ్చే విద్యుత్ రొద 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని దెబ్బతీస్తుంది. నేను మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ తీగ కొని, డాంగిల్‌ను గుమ్మం పైనున్న మేకుకు వేలాడదీశాను. రెండు గీతలున్న సిగ్నల్ నాలుగయింది. అన్నట్టు, 8811సీయూ 5 గిగాహెర్ట్జ్ కూడా పట్టుకుంటుంది కానీ మా గోడల్ని ఆ తరంగాలు దాటలేవు. పాత ఇళ్ళలో 2.4కే కలుపుకోండి.

కాసేపు వాడకపోతే కనెక్షన్ పడుకుంటుందా? నెట్‌వర్క్ మేనేజర్ అమరికల్లో వైఫై పవర్‌సేవ్ విలువ 3 ఉంటుంది, దాన్ని 2 చేస్తే అలా పడుకోవడం ఆగిపోతుంది.

ఎజెక్ట్ చేశాక ఎల్ఎస్‌యూఎస్‌బీలో వచ్చిన వరుసను ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టండి. సీ811 కాకుండా వేరే అంకెలు వస్తే చిప్ వేరు, దానికి ఏ కెర్నెల్ కావాలో చూసి చెబుతాను. సాయంత్రం ఏడు తర్వాత నేను రోజూ ఇక్కడే ఉంటాను.