60 ఫ్లాట్లకు వేడినీళ్లు: సోలార్ హీటరా, హీట్ పంపా?

"మా అపార్ట్‌మెంట్‌లో 60 ఫ్లాట్లు, అన్నిట్లో గీజర్లే. టెర్రస్ మీద సోలార్ హీటర్ పెట్టించాలా, హీట్ పంప్ కొనాలా?" అని అడిగారు. హైదరాబాద్‌లో 120 మంది ఉండే హాస్టల్ మెయింటెనెన్స్ ఆరేళ్లుగా నేనే చూస్తున్నాను. రెండూ వాడాం.

ముందు గాజు ట్యూబుల సోలార్ హీటర్ ఉండేది. ఎండ ఉన్నన్నాళ్లు దానికి వంక పెట్టడానికి లేదు. మమ్మల్ని దెబ్బ కొట్టింది బోరు నీళ్లు. మూడో ఏడు ఒక ట్యూబు ఊడదీస్తే లోపల తెల్లగా సున్నం పేరుకుపోయి, గీకితే పెచ్చులుగా రాలింది. ముసురు పట్టిందంటే ట్యాంకులోని కరెంటు కాయిలే దిక్కు, కరెంటు మళ్లీ గీజర్ లెక్కే.

వెయ్యి లీటర్లను 25 నుంచి 55 డిగ్రీలకు కాచడానికి గీజర్‌కు సుమారు 35 యూనిట్లు కావాలి. హీట్ పంప్ గాలిలోని వేడిని లాగి నీళ్లకు ఇస్తుంది కాబట్టి దాదాపు 12 యూనిట్లతో సరిపెడుతుంది. మన ఎండకు 3 కిలోవాట్ల సోలార్ కరెంటు ప్యానెళ్లు రోజుకు ఇంచుమించు అన్ని యూనిట్లు ఇస్తాయి, వాటికి 300 చదరపు అడుగుల చోటు చాలు. అందుకే మేం తెల్లవారుజామున కాకుండా మధ్యాహ్నమే పంప్ నడుపుతాం. అప్పుడు గాలి కూడా వేడిగా ఉంటుంది, పంపుకు శ్రమ తక్కువ. వారానికోసారి 60 డిగ్రీలు దాటిస్తాం, నిల్వ నీళ్లలో న్యుమోనియా తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరగకుండా.

ఒక్క జాగ్రత్త. బిగించినవాళ్లు మొదట హీట్ పంప్‌ను మూసిన గదిలో పెట్టారు. అది వదిలే చల్లగాలినే మళ్లీ పీల్చుకుని, సాయంత్రమైనా నీళ్లు గోరువెచ్చగానే ఉండేవి. బయటికి మార్చాకే దారిన పడింది.

అసలు తలనొప్పి పైపులతో. తెల్లవారి ఐదింటికి గ్రౌండ్ ఫ్లోర్ కుళాయి తిప్పితే రెండు బకెట్ల చన్నీళ్లు పోయాకగానీ వేడినీళ్లు వచ్చేవి కావు. పైపులకు ఫోమ్ తొడిగి, చల్లారిన నీళ్లు ట్యాంకుకు తిరిగి వెళ్లేలా రిటర్న్ లైను వేసి చిన్న మోటారు పెట్టాం. అది ఐదు నుంచి తొమ్మిది దాకానే తిరుగుతుంది. రోజంతా తిప్పితే దాచుకున్న వేడంతా పైపుల్లోనే పోతుంది.

మీవి వేర్వేరు గీజర్లు కాబట్టి వేడినీళ్ల లైను కొత్తగా వేయాలి. పైపులు దిగే డక్టుల్లో వేడినీళ్లకు, రిటర్న్‌కు రెండు పైపులకు చోటుందో లేదో ప్లంబర్‌తో చూపించాకే కొటేషన్లు పిలవండి. చోటు లేకపోతే గోడలు పగలగొట్టించకండి. గీజర్లు ఉంచేసి, టెర్రస్ మీద ప్యానెళ్లు పెట్టి లిఫ్టులు, మోటార్లు ఉన్న కామన్ మీటరుకు కలిపించండి.