జట్లాండ్ యుద్ధంలో అడ్మిరల్ జెల్లికో భయపడి గెలుపు చేజార్చుకున్నాడా?

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916 మే 31న జట్లాండ్ దగ్గర జర్మన్ నౌకాదళం బ్రిటిష్‌వాళ్ల చేతికి చిక్కినట్టే చిక్కింది కదా, బ్రిటిష్ అడ్మిరల్ జాన్ జెల్లికో ఎందుకు పక్కకు తప్పుకున్నాడు, భయమా, అసలు ఆయన ఎలాంటి మనిషి అని అడిగారు. భయం కాదని నా గట్టి నమ్మకం. అందులో సగం చదివి వచ్చింది, సగం అదే సముద్రంలో వాచ్ (ఓడ మీద కాపలా డ్యూటీ) చేసి వచ్చింది.

మాది కాకినాడ. ఎనభైల్లో ఒక సరుకు ఓడలో థర్డ్ ఆఫీసరుగా నార్త్ సీ మీదుగా బాల్టిక్‌కి వెళ్తున్నాను. మూడు రోజులు సూర్యుడు లేడు, చుక్కలు లేవు. వాటిని కొలిచి ఓడ ఎక్కడుందో తేల్చే సెక్స్‌టెంట్ పెట్టెలోంచి బయటికే రాలేదు. రేడియో సంకేతాలతో చోటు చెప్పే డెక్కా సెట్టు పాడైంది. ఇంత వేగం, ఈ దిక్కు, ఇన్ని గంటలు అని లెక్కగట్టి ఛార్టు మీద పెన్సిల్‌తో చుక్క పెట్టుకుంటూ పోవడమే. డెడ్ రెకనింగ్ అంటారు. నాలుగో రోజు రాత్రి నా ఎనిమిది-పన్నెండు వాచ్‌లో రాడార్ మీద డెన్మార్క్ తీరం సన్నటి గీతలా పడింది. కాసేపటికి హాన్స్‌ట్‌హోమ్ దీపమూ దొరికింది. కొలిచి చూస్తే, నేను చుక్క పెట్టిన చోటికీ ఓడ ఉన్న చోటికీ ఎనిమిది మైళ్ల తేడా. కెప్టెన్ గారు వచ్చి చూసి, రబ్బరుతో నా చుక్క చెరిపేసి, కొత్తది ఆయనే పెట్టారు. “లెక్క తప్పలేదు బాబూ, నీళ్లు మనల్ని తోసేశాయి” అన్నారు. డెన్మార్క్‌లోని ఆ జట్లాండ్ తీరం పేరే ఈ యుద్ధానికి పెట్టారు.

ఇప్పుడు 24 పెద్ద యుద్ధనౌకలు వెంటేసుకున్న జెల్లికోని ఊహించుకోండి. ఆరు వరసలు, వరసకి నాలుగు ఓడలు. రాడార్ లేదు. మంచు, దానికి తోడు పొగ. ముందు వెళ్లిన ఇంకో బ్రిటిష్ అడ్మిరల్ బీటీ తన బ్యాటిల్ క్రూయిజర్లతో (వేగంగా పోయే పెద్ద యుద్ధనౌకలు) జర్మన్లను ఇటు లాక్కొస్తున్నాడు, కానీ బీటీ లెక్కకీ జెల్లికో లెక్కకీ మధ్య పదకొండు మైళ్ల తేడా ఉంది. శత్రువు అనుకున్న దిక్కున లేడు, అనుకున్నదానికన్నా ముందే మీద పడబోతున్నాడు. “శత్రువు ప్రధాన దళం ఎక్కడ?” అని జెల్లికో బీటీని అడిగాడు. సూటిగా జవాబు రాలేదు. మళ్లీ అడిగాడు. సాయంత్రం 6:14కి గాని దిక్కు తెలియలేదు, అదీ దూరం లేకుండా.

అన్ని ఓడల ఫిరంగులూ ఒకేసారి పేలాలంటే ఆరు వరసల్ని ఒకే పొడవాటి వరసగా మార్చాలి. అందుకు ఇరవై నిమిషాలు పడుతుంది. కుడి వరస ముందుకెళ్తే శత్రువుకి దగ్గరవుతాం, కానీ ఓడలు తిరుగుతుండగానే గుళ్లు పడతాయి. ఎడమ వరస ముందుకెళ్తే దూరం పెరుగుతుంది, కానీ పడమటి వెలుగులో జర్మన్ ఓడలు మనకి కనబడతాయి, మనం వాళ్లకి మంచులో కలిసిపోతాం. ఆయన కంపాస్ దగ్గర నిలబడి కొన్ని క్షణాలు దాన్నే చూశాడు. 6:15కి ఎడమకి అన్నాడు. కాసేపటికే జర్మన్ అడ్మిరల్ షేర్ తల పైకెత్తేసరికి ఎదురుగా, అడ్డంగా, దిక్కంతా ఫిరంగుల మెరుపులే. షేర్ తన ఓడలన్నిటినీ ఒక్కసారిగా వెనక్కి తిప్పుకుని పారిపోవాల్సి వచ్చింది. నా దృష్టిలో ఆ కొన్ని క్షణాలే ఆయన జీవితంలో అసలు పని.

మీరు అడిగిన పక్కకు తప్పుకోవడం గంట తర్వాతి మాట. షేర్ మళ్లీ ఇటే వచ్చి, మళ్లీ దెబ్బతిని, తప్పించుకోడానికి టార్పెడో బోట్లను ముందుకు తోశాడు. జెల్లికో రెండు పాయింట్లు, ఆపైన ఇంకో రెండు, మొత్తం 45 డిగ్రీలు పక్కకు తిరిగాడు. ఇరవై దాకా టార్పెడోలు వరస వరకూ వచ్చినా ఆ దాడిలో ఒక్కటీ తగల్లేదు. ఈలోగా షేర్ మంచులోకి జారుకున్నాడు. అయితే ఇది అప్పటికప్పుడు పుట్టిన భయం కాదు. ఇలాంటప్పుడు ఇలాగే తిరుగుతానని 1914 అక్టోబరులోనే అడ్మిరల్టీకి, అంటే లండన్‌లో బ్రిటిష్ నేవీని నడిపే కార్యాలయానికి, రాసి ఒప్పించుకున్నాడు. జర్మనీకి సముద్రం మీద సరుకు రాకుండా చుట్టూ ఉన్న దిగ్బంధం ఈ ఓడల మీదే నిలబడింది. ఒక్క మధ్యాహ్నంలో యుద్ధాన్ని ఓడిపోగల మనిషి రెండు పక్షాల్లోనూ ఆయనొక్కడే అని తర్వాత చర్చిల్ రాశాడు. షేర్ ఓడలు మిగిలినా దిగ్బంధం చెక్కుచెదరలేదు.

నష్టం బ్రిటన్‌దే ఎక్కువ: 14 ఓడలు, 6,094 మంది. జర్మన్లవి 11 ఓడలు, 2,551 మంది. తిట్లన్నీ ఈ అంకెలు చూసే.

ఒక్క తప్పుడు ఆజ్ఞ ఏం చేస్తుందో ఆయన అప్పటికే కళ్లారా చూశాడు. 1893 జూన్ 22న ఇప్పటి లెబనాన్‌లోని ట్రిపోలీ దగ్గర అడ్మిరల్ ట్రయాన్ రెండు వరసల్ని ఎదురెదురుగా లోపలికి తిరగమన్నాడు. మధ్య దూరం 1,100 మీటర్లే, చాలదు. అనుమానపడ్డవాళ్లూ చివరికి ఆజ్ఞ పాటించారు. క్యాంపర్‌డౌన్ అనే ఓడ వచ్చి ట్రయాన్ ఎక్కిన విక్టోరియాని గుద్దింది, 358 మంది పోయారు. ఆ విక్టోరియాలోనే ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు (కెప్టెన్ తర్వాతి అధికారి) జెల్లికో. ఒళ్లు కాలిపోయే జ్వరంతో మంచం మీదనుంచి లేచి డెక్ మీదికొచ్చాడు. నీళ్లలో పడ్డాక ఇంకా శిక్షణలో ఉన్న ఒక కుర్ర మిడ్‌షిప్‌మన్ పట్టుకుని తేల్చాడు. 1900లో చైనాలో ఎడమ ఊపిరితిత్తిలో తూటా దిగింది. డాక్టర్లు ఆశ వదిలేసుకున్నారు. ఆ తూటా చివరిదాకా ఒంట్లోనే ఉంది. పిరికివాడనేముందు ఇవి కూడా చూడాలి.

తప్పులు లేవనను. అన్నీ తన చేతిలోనే ఉంచుకునే స్వభావం ఆయనది. పేజీలకి పేజీలు ఆజ్ఞలు రాసి, కింది కెప్టెన్లకి సొంతంగా ఆలోచించే అలవాటు లేకుండా చేశాడు. ఆ రాత్రి షేర్ వెనకనుంచి దాటిపోతుంటే చూసిన ఓడలున్నాయి, నోరు విప్పి ఆయనకి చెప్పినవాళ్లు లేరు. లండన్‌లో జర్మన్ సందేశాలు విప్పి చదివిన అడ్మిరల్టీ కూడా అసలైన సందేశం ఆయనకి పంపలేదు.

తర్వాత ఫస్ట్ సీ లార్డ్, అంటే బ్రిటిష్ నేవీ అధిపతి, అయ్యాడు. జలాంతర్గాముల నుంచి సరుకు ఓడల్ని కాన్వాయ్‌లుగా కాపాడే విషయంలో మొదట్లో తటపటాయించాడు. సరుకు ఓడల్లో బతికినవాణ్ణి, ఇది నాకు మింగుడు పడదు. 1917 క్రిస్మస్ ముందు రోజు ఉత్తరం పంపి పదవినుంచి తప్పించారు. 1920 నుంచి 1924 దాకా న్యూజీలాండ్ గవర్నర్ జనరల్‌గా చేశాడు.

1935 నవంబరు 20న పోయాడు. జట్లాండ్‌లో తప్పెవరిదన్న గొడవలో ఇన్నేళ్లూ ఆయనకి ఎదురుపక్షం బీటీ. అప్పటికి బీటీ జ్వరంతో మంచం మీదున్నాడు, వెళ్లొద్దన్నారు డాక్టర్లు. జెల్లికో అంత్యక్రియలకి నేను వెళ్లకపోతే నేవీ ఏమనుకుంటుంది అని లేచి, శవపేటిక వెంట నడిచాడు. నాలుగు నెలలు తిరక్కుండానే తనూ పోయాడు. ఇద్దరి సమాధులూ లండన్ సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లోనే ఉన్నాయి.