‘దబ్బున’ తెలిసినవారికి ‘దొన్‌దొన్’ కష్టమా?

ప్రశ్న: జపాన్‌లో వృద్ధుల సంరక్షణ ఉద్యోగానికి వెళ్ళాలన్న ఆలోచనతో ఏడాదిగా జపనీస్ నేర్చుకుంటున్నాను. వ్యాకరణం, కంజి అక్షరాలు ఎలాగో పట్టుబడుతున్నాయి గాని, పట్టుకోవడం, లాగడం, రుద్దడం వంటి పనుల దగ్గర వచ్చే గ్యుత్తొ, గుయిత్తొ, గొషిగొషి లాంటి మాటలు మాత్రం నిలవడం లేదు. నిఘంటువు చూస్తే అన్నిటికీ ‘గట్టిగా’ అనే ఉంటుంది. వీటిని ఎలా నేర్చుకోవాలి?
— నర్సింగ్ చదివిన ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: నిఘంటువు ‘గట్టిగా’ అని చెప్పి ఊరుకోవడమే మీ ఇబ్బందికి మూలం. జారిపోకుండా పిడికిట్లో అదిమి పట్టుకోవడం గ్యుత్తొ; ఒక్క ఊపున గుంజడమో నెట్టడమో గుయిత్తొ; మాడిన గిన్నెను పీచుతో బరబరా తోమినట్టు ముందుకూ వెనక్కూ బలంగా రుద్దడం గొషిగొషి. బలం మూడింటిలోనూ ఉంది గాని, అది ఏ దిక్కుకు పోతుంది, ఒక్కసారా పదేపదేనా అన్నది మాటమాటకూ మారుతుంది. మీరు చేయబోయే పనిలో ఈ తేడా మరీ ముఖ్యం. నడక సాధన చేయిస్తూ కమ్మీని గ్యుత్తొ పట్టుకోమని పెద్దవారికి మీరే చెప్పవలసి వస్తుంది. గొషిగొషి మాత్రం మీకు ఎక్కువగా ‘వద్దు’తో కలిసే వినిపిస్తుంది, ఎందుకంటే వయసు మళ్ళినవారి చర్మం పలుచన, స్నానం చేయించేటప్పుడు అలా రుద్దకూడదు.

జపనీయులు చప్పుడును అనుకరించే మాటలను గియొంగొ అనీ, చప్పుడు లేని తీరును తెలిపేవాటిని గితైగొ అనీ వేరు చేస్తారు. మనకు రెండోది వింతేమీ కాదు, ‘తళతళ’లో చప్పుడెక్కడుంది? అయితే మన దగ్గర లేనంత క్రమం వారి దగ్గర ఒకటి ఉంది. క, త, ప వంటి ధ్వనులతో మొదలైన మాట తేలికైన దెబ్బను చెబితే, అదే మాట గ, ద, బ లతో మొదలైనప్పుడు దెబ్బ బరువెక్కుతుంది. రాతలో ఆ మార్పుకు అక్షరం కుడి భుజాన రెండు చిన్న గీతలు చాలు; ‘ప’ విషయంలో మాత్రం అక్కడున్న చిన్న సున్న పోయి ఆ గీతలు వస్తాయి. చింతగింజ దొర్లితే కొరొకొరొ, మన లతీఫ్ సాహెబ్ గుట్ట మీది బండ దొర్లితే గొరొగొరొ. ఎండుపుల్ల పుటుక్కున విరిగితే పొకిత్తొ, లావాటి కొమ్మ ఫెళ్ళున విరిగితే బొకిత్తొ. మనం పుటుక్కును వదిలి ఫెళ్ళుకు పోయి వేరే మాట వెతుక్కుంటాం. వారు ఉన్న మాటకే బరువు ఎక్కిస్తారు.

ఈ సంగతి నాకు పుస్తకం కంటే ముందు ఒక పెద్దావిడ నేర్పారు. నాకు జపనీస్ చెప్పిన పంతులమ్మగారి తల్లి ఒకనాడు భుజాలు పట్టేశాయని అంటే, ‘దొన్‌దొన్ తట్టమంటారా’ అని ఆమె భాషలోనే అడిగాను. ఆమె కుర్చీతో సహా వెనక్కి జరిగారు. తర్వాత నవ్వి, వదులుగా ముడిచిన పిడికిలితో బల్ల మీద రెండుసార్లు తట్టి ‘తొన్‌తొన్’ అన్నారు. టీ కప్పు కదలలేదు. పిడికిలి బిగించి మళ్ళీ కొట్టి ‘దొన్‌దొన్’ అన్నారు; కప్పు మూత ఎగిరి పక్కన పడింది.

దొన్‌దొన్‌కు బాదడమే కాక ‘ఆగకుండా, వేగంగా’ అన్న అర్థం కూడా ఉంది. పని దొన్‌దొన్ సాగిందంటే చకచకా జరిగిపోతోందన్నమాట. ఇంగ్లీషు దారిన నేర్చుకునేవారు ఇక్కడ తికమకపడతారు గాని, మీరు పడనక్కరలేదు. ‘గోడ మీదికెళ్ళి దబ్బున పడ్డడు’ అన్న నోటితోనే మనం ‘దబ్బున రా’ అని తొందర పెడతాం కదా.

వాక్యంలో వాడే తీరు కూడా మనకు దగ్గరే. ధడాలుమని మూశాడు అనడంలో మన ‘అని’ చేసే పనిని అక్కడ ‘తొ’ చేస్తుంది. ఇతరుల మాటను ఉటంకించేటప్పుడు వాడేదీ ఆ ‘తొ’నే. తలుపు ధడాలుమని మూయడం ‘బతన్ తొ షిమెరు’. దబదబా బాదాడు అన్నప్పుడు మనకు ‘అని’ అక్కరలేనట్టే, జంటగా వచ్చే గొషిగొషి వంటివాటికి ‘తొ’ లేకపోయినా నడుస్తుంది. గ్యుత్తొ, బొకిత్తొల వంటి ఒంటి మాటల్లో మాత్రం దాన్ని తీసేయకూడదు. పుటుక్కు, చటుక్కులలో మన ద్విత్వం చూపే హఠాత్తు గుణం, ఆ ‘త్తొ’లో ఆగి పలికే త్‌లో ఉంది. దాన్ని మింగేసి పలికితే మాట చప్పబడిపోతుంది.

ప్రశ్న: జపనీస్ బొమ్మల కథల్లో బరబర, గిరగిర వంటి మాటలు కనిపిస్తున్నాయి. అవి మన మాటల్లాంటివేనా? పరీక్షలో, ఉత్తరాల్లో వాడవచ్చునా?
— ఒక డిగ్రీ విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: వినడానికి అవే, అర్థానికి కావు. వారి బరబర ముక్కలుగా విడిపోయి చెల్లాచెదురైన స్థితి. మనం బరబరా ఈడ్చుకెళ్ళేదానికి వారి మాట జురుజురు. గిరగిరా తిరగడం వారికి గురుగురు. వారి గిరగిర ఏమిటో తెలియాలంటే మే నెల మధ్యాహ్నం మీ పాలమూరు బస్టాండు బయట నిలబడితే చాలు, కళ్ళలో పొడిచే ఆ ఎండకు వాడే మాట అది. నక్షత్రాల మెరుపుకైతే కిరకిర.

ఇవి పిల్లల మాటలని కొందరు కొట్టిపారేస్తారు గాని, ఆ మాట నేను ఒప్పుకోను. డాక్టరు దగ్గర తలపోటు చెప్పుకునే పెద్దమనిషి కూడా సమ్మెట పోటులాంటి నొప్పిని ‘గన్‌గన్’ అనే అంటాడు. కార్యాలయానికి రాసే ఉత్తరంలోనో నివేదికలోనో అయితే గ్యుత్తొ, గుయిత్తొల బదులు ‘బలంగా’ అనే అర్థమిచ్చే త్సుయొకు రాయడం మర్యాద.